ఓడ వెనక నిలబడేవాడు

"నేను ఆ కింది మెట్ల మీద కూర్చోనంటే కూర్చోను. చర్చి దగ్గర్నుంచీ చెబుతూనే ఉన్నా," అంది ఫిలొమీనా, బంగాళాదుంపల సలాడు గిన్నెని చంటిబిడ్డలా పొట్టకి ఆనించుకుని.

"కిందైతే దగ్గరగా కనిపిస్తుందే. ఇక్కణ్ణుంచి ఏం కనిపిస్తుంది, నా బట్టతల తప్ప?" అన్నాడు ఆంటన్. ఆయన అప్పటికే రెండు మడత కుర్చీలు కరకట్ట మెట్ల దిగువకి మోసుకెళ్ళి, భార్య కదలకపోయేసరికి ఒకటి మళ్ళీ పైకి తెస్తూ, సగం దారిలో మనసు మార్చుకుని, కుర్చీ చంకన పెట్టుకుని మధ్య మెట్టు మీద నిలబడి ఉన్నాడు.

"నీ బట్టతల నాకు కొత్తా? ఈ నది ఒకసారి నా మీద పడింది, చాలు."

"అది ఓడని నీళ్ళలోకి తోసిన రోజు. ఇది ఊరికే పక్కనుంచి వెళ్ళిపోయే బార్జి. దీనికి అల లేస్తుందా?"

"ఆ రోజూ ఇదే మాటన్నావు. 'అల లేస్తుందా, పిచ్చిదానా' అన్నావు. నా టోపీ ఏమైంది?"

చిన్న కొడుకు హెర్మన్ నవ్వాపుకోలేక దగ్గాడు. "అమ్మా, ఆ టోపీ పోయి ఆరేళ్ళయింది. దాని ఆత్మని ఇకనైనా శాంతిగా ఉండనివ్వు."

మెట్ల పైన, గడ్డి మీద పరిచిన పాత బొంత మీద కూర్చున్న కోడలు వెరీనా ఆ మాటలన్నీ వింటోంది, వినడమూ లేదు. అక్టోబరు ఆదివారం, పూజ అయి గంట కూడా కాలేదు, ఒహాయో నది మీద పొగమంచు ఇంకా విడలేదు, అవతలి ఒడ్డున కెంటకీ రాష్ట్రం ఉందని నమ్మడమే తప్ప కనిపించదు. పక్కన ఏడేళ్ళ కూతురు రోజలీ మేజోళ్ళు జారిపోతుంటే మోకాళ్ళ మీదికి లాక్కుంటూ నదిని మింగేసేలా చూస్తోంది. ఎగువన లాకుల దగ్గర పనిచేసే హెర్మన్ గురువారం రాత్రి భోజనాల దగ్గర, రొట్టె మీద వెన్న రాసుకుంటూ, మామూలు కబురు చెప్పినట్టు చెప్పాడు: అన్నయ్య ఓడ వస్తోంది వదినా, పైన ఉన్నదంతా కోసేశారు, కార్లు మోసే చదును పడవగా, బార్జిగా మార్చారు, ఆదివారం పొద్దున మన ఊరి మీదుగా దిగువకి పోతుంది. అన్నయ్య అంటే లియో, వెరీనా భర్త. ఓడ అంటే యుద్ధంలో లియో పనిచేసిన ఓడ, దాని మీదే పోయాడు. ఆ మాట విన్నాక ఫిలొమీనా, అయితే సలాడు చేసుకుని వెళ్దాం, అంది. దుఃఖమొచ్చినా సంతోషమొచ్చినా ఆవిడ బంగాళాదుంపలే ఉడకబెడుతుంది. వేడివేడి దుంపల మీద వెనిగరు పోసినప్పుడు లేచే ఆ పుల్లటి ఆవిరి ఉందే, లియో పోయాడన్న తంతి వచ్చిన రోజు కూడా ఇల్లంతా అదే వాసన, వెరీనా ఇప్పటికీ ఆ ఆవిరి తగిలితే తలుపు వైపు చూస్తుంది.

కానీ ఇవాళ ఆమె గుండెలో బరువు ఓడది కాదు. యుద్ధంలో పోయినవాళ్ళ గురించి ప్రభుత్వం రాసిన ఉత్తరానికి ఈ వారంలోగా జవాబు చెప్పాలి. లియోని పాతిపెట్టిన ఆ దూరపు దీవి మీది సమాధిలోనే ఉంచాలా, పెట్టెలో పెట్టి ఇంటికి పంపాలా? చెప్పాల్సింది భార్య. తల్లి కాదు, తండ్రి కాదు. భార్య ఇంకో పెళ్ళి చేసుకుని ఉంటే ఆ మాట తండ్రి చేతికి పోయేది, కానీ వెరీనా చేసుకోలేదు, మూడేళ్ళుగా ఈ అత్తమామల ఇంటి మేడ గదిలోనే ఉంటోంది, ఫ్యాక్టరీలో ఫ్రిజ్ తలుపులకి రబ్బరు అంచులు బిగిస్తోంది, శనివారం సాయంత్రం అత్తగారి జుట్టుకి క్లిప్పులు పెడుతోంది. ఫిలొమీనాకి కొడుకు రావాలి. పూజ అయ్యాక వెళ్ళి పక్కన కూర్చోడానికి నాకో చోటుండాలమ్మాయ్, అంటుంది. ఆంటన్‌కి అక్కర్లేదు. పడుకున్నవాణ్ణి లేపడం దేనికి, అంటాడు, అని వెంటనే తోటలోకి వెళ్ళిపోతాడు. వెరీనా ఇంకా ఎటూ తేల్చుకోలేదు. కారణం సమాధి మీద నిలబెట్టే రాయి. వాళ్ళ చర్చి సమాధుల తోటలో ఏ రాయి చూసినా రెండు పేర్లుంటాయి. ఒకరు పోతే, ఉన్నవాళ్ళ పేరు కూడా అప్పుడే చెక్కేస్తారు, పుట్టిన సంవత్సరం వేసి, పక్కన గీత గీసి, మిగతాది ఖాళీగా వదిలేస్తారు. అందరూ అలాగే చేస్తారు, ఎవరూ వింత అనుకోరు. కెస్లర్‌గారి భార్య ప్రతి ఆదివారం చేతిరుమాలుతో ముందు మొగుడి పేరు తుడిచి, తరవాత తన పేరు తుడుచుకుంటుంది, పిచ్చుకలు ఎప్పుడూ నా వైపే రెట్టలేస్తాయమ్మా, ఆయన బతికున్నప్పుడూ అంతే, అన్నీ నా మీదికే, అని నవ్విస్తుంది. పొద్దున కాఫీ పోస్తుంటే ఫిలొమీనా అడిగింది, రాళ్ళు చెక్కే ఆయనతో మాట్లాడాను, లియో పక్కన నీ పేరు పూర్తిగా చెక్కించాలా, మామూలుగా వెరీనా అంటే చాలా? వెరీనా కప్పు నిండా కాఫీ పోసి, ఇంకా పోస్తూనే ఉండిపోయింది. సాసర్‌లోకి పొర్లింది. ఆమెకి ముప్ఫై మూడేళ్ళు.

"అమ్మా, నాన్న ఓడ పేరేంటి?" అంది రోజలీ.

"దానికి పేరు లేదు. అంకె ఒకటే ఉండేది."

"పేరెందుకు పెట్టలేదు?"

"చాలా చేశారు కదా. అన్నిటికీ ఎక్కడని వెతుకుతారు?"

నిజమే, ఎన్ని చేశారని, ఈ మెట్లకి కాస్త దిగువనే, మొక్కజొన్న చేలున్న చోట యుద్ధం కోసం రాత్రికి రాత్రి ఓడల యార్డు లేచింది, సముద్రం ముఖం చూడని మనుషులు సముద్రపు ఓడలు కట్టడం మొదలుపెట్టారు, రొట్టెలు కాల్చేవాళ్ళు, బల్లలు చేసేవాళ్ళు, చొక్కాలు కుట్టే ఆడవాళ్ళు. వెరీనా చొక్కాలు కుట్టేది. కుట్టడం వచ్చినవాళ్ళకి వెల్డింగ్ తొందరగా పట్టుబడుతుంది, అన్నాడు పని నేర్పినాయన, చెయ్యి వణక్కూడదు, తొందరపడకూడదు, అంతే కదమ్మా. మొదటి ఓడని నీళ్ళలోకి దింపే రోజు ఊరు ఊరంతా వచ్చింది, బ్యాండు, జెండాలు, ఫాదర్ చేతిలో పవిత్ర జలం. ఓడంటే ముక్కు ముందుకు పెట్టి జారుతుందనుకున్నారు అందరూ, బొమ్మల్లో అలాగే ఉంటుంది కాబట్టి, అందుకే బాగా కనిపిస్తుందని ఓడ పక్కనున్న ఒడ్డుకి పరిగెత్తి చోటు పట్టుకున్నారు. నదిలో పొడుగ్గా దింపే చోటు లేదు, దాన్ని పక్కవాటంగా తోశారు, మంచం మీద నిద్రలో దొర్లినవాడు నేల మీద పడ్డట్టు అది పక్కకి దొర్లి పడింది, నది లేచి నిలబడి, ముందు వరసలో ఉన్న అత్తగారి మీద పడింది. నీలం టోపీ, పట్టు గులాబీ. లియో నవ్వి నవ్వి పక్కటెముకలు పట్టుకుని గడ్డి మీద కూలబడ్డాడు, సాయంత్రం ఆ టోపీని పొయ్యి మీద ఆరబెడితే పిల్లిలా ముడుచుకుంది. అప్పుడతను ఇంట్లోనే ఉన్నాడు, కుర్చీల ఫ్యాక్టరీలో కుర్చీకాళ్ళు నునుపు చేసేవాడు, చేతుల్నిండా చెక్కపొడి వాసన, బిడ్డలున్న తండ్రుల్ని యుద్ధానికి పిలవరులే అనుకునేవాళ్ళు, మరుసటి ఏడు వాళ్ళనీ పిలిచారు.

లియో నౌకాదళంలోకి వెళ్ళాక వెరీనా రాత్రి షిఫ్టు తీసుకుంది, ఓడ అడుగున నీటి తొట్లలో పని. పడుకుని పాక్కుంటూ వెళ్ళాలి, లోపల పడుకుని రెండు ఇనుప పలకల మధ్య నిప్పుతో కుట్టు వెయ్యాలి, మాస్కు అద్దంలోంచి చూస్తే ప్రపంచంలో ఇంకేమీ ఉండదు, ఒక్క ఆకుపచ్చ చుక్క, అది మెల్లగా నడుస్తుంటుంది, దాని వెనకే ఆమె నడుస్తుంటుంది. నడి సముద్రంలో ఈ తొట్లు నీళ్ళు తాగి బరువెక్కుతాయనీ, ఒడ్డు దగ్గరపడేటప్పుడు ఆ నీళ్ళన్నీ వదిలేసి ఓడ తేలికైపోతుందనీ, చదును అడుగుతో ఇసుక మీదికి పొట్ట మీద పాకే పిల్లలా ఎక్కేస్తుందనీ, అప్పుడు ముక్కు దగ్గర రెండు తలుపులు తెరుచుకుని లారీలూ టాంకులూ నడిచి దిగిపోతాయనీ ఎవరో చెప్పారు. ఆమెకి నచ్చింది. ఏ ఓడైనా ఒడ్డుకి భయపడుతుంది, ఇది ఒడ్డెక్కడం కోసమే పుట్టింది. మాస్కు తీశాక కళ్ళు మూసుకున్నా ఆ ఆకుపచ్చ చుక్క నడుస్తూనే ఉండేది, పడక మీద రోజలీ వీపు నిమురుతుంటే ఆ చిన్న వీపు మీద కూడా నడిచేది. మార్చిలో మంచు కురుస్తున్న పొద్దున్న ఒక ఓడ దొర్లింది, వంతెనల కింద దూరడానికి స్తంభం వంచుకుని, కొత్త పెళ్ళికొడుకులా తల దించుకుని దిగువకి వెళ్ళింది, ఆమె షిఫ్టు దిగి ఇదే గట్టు మీద నిలబడి చూసింది, ఎన్నో చూసినట్టే. న్యూ ఆర్లీన్స్‌లో లియో ఎక్కింది దాన్నే. అతను రాశాడు, వెరీ, ఇది మన ఊరిదే, నా మంచం పక్క గోడ మీద ఒక అతుకుంది, చాలా సాఫుగా ఉంది, ఇది నీదేనని నేను తీర్మానించుకున్నాను, ఎవడైనా కాదంటే కొడతాను. మంచాలుండే చోట ఆమె ఎన్నడూ పని చెయ్యలేదు. ఆ మాట అతనికి రాయలేదు.

"కాఫీ పొయ్యనా వదినా?" హెర్మన్ ఫ్లాస్కు మూత తిప్పుతున్నాడు. "లాకుల్లో మనవాళ్ళు పొద్దున్నే వదిలేశారట. మంచు వల్ల నెమ్మదిగా వస్తోందేమో."

"నెమ్మది దానికి కొత్తేం కాదు," అన్నాడు ఆంటన్, చివరికి పై మెట్టు మీదే కుర్చీ వేస్తూ. "లియో ఏమనేవాడు? మా ఓడ మీద నుంచి టోపీ నీళ్ళలో పడితే, దిగి తీసుకుని మళ్ళీ ఎక్కొచ్చు, అనేవాడు."

"మళ్ళీ టోపీ మాటేనా," అంది ఫిలొమీనా, కానీ నవ్వింది, నవ్వి ముక్కు తుడుచుకుంది.

లియో పని ఓడ వెనక. అందరూ ఒడ్డు వైపు చూస్తుంటారు, నేనొక్కణ్ణే వచ్చిన దారి చూస్తుంటాను, అని రాసేవాడు. ఇసుక మీదికి ఎక్కే ముందు, ఇంకా లోతు నీళ్ళలో ఉండగానే, వెనకనుంచి లంగరు వదలాలి, ఇనుప తాడు పొడుగ్గా సాగుతూ ఉంటుంది, ఓడ ముందుకి పోయి ఒడ్డెక్కుతుంది, సామాను దించాక ఆ తాడునే యంత్రంతో చుట్టుకుంటూ తనని తానే ఇసుక మీద నుంచి వెనక్కి లాక్కోవాలి. లంగరు ముందే వదిలితే తాడు చాలదు, ఆలస్యంగా వదిలితే లాగడానికి పట్టుండదు. నేర్చుకునే రోజుల్లో ఫ్లోరిడాలో ఒకసారి పైనుంచి కేక ఆలస్యంగా వచ్చింది, ఓడ ఇసుకలో కూర్చుండిపోయింది, మళ్ళీ పోటు వచ్చేదాకా ఎటూ కదల్లేదు, వంటవాళ్ళు ఒడ్డున మంట వేశారు, కుర్రాళ్ళు పీతలు పట్టారు, నేను పడుకుని నక్షత్రాలు చూస్తూ యుద్ధం ఇలాగే ఉంటే బాగుండునే అనుకున్నాను వెరీ. ఆమె కూడా అనుకుంది, ఇప్పటికీ అనుకుంటుంది, ఏ కేకా ఆలస్యంగా రాని ఆ పెద్ద సముద్రంలో కాకుండా, అక్కడే, వెచ్చటి ఇసుక మీద, పొట్ట ఆనించి పడుకున్న ఓడ, పీతల వాసన. తరవాత లేటె, తరవాత లింగాయెన్, తరవాత ఒకినావా, అట్లాసులో పసిఫిక్ సముద్రం మీద వేలితో వెతుక్కున్న పేర్లు, రోజలీ పాలు ఒలకబోసి సముద్రమంతా మరక చేసింది.

యుద్ధం అయిన మరుసటి వసంతంలో డ్యువీ మెకాల్ అనే అతను వచ్చాడు, టెనెసీ మనిషి, పొడుగ్గా, సిగ్గుగా. లియోతో కలిసి పనిచేసినవాడు. వంటింట్లో కూర్చుని సాసేజీలూ పుల్లటి క్యాబేజీ ఫిలొమీనా వడ్డించినన్నిసార్లు తిన్నాడు, కాదనడం తెలియక. ఒకినావాలో, సాయంత్రం వేళ, ఓడ ఒడ్డునే ఉందమ్మా, సామాను దిగుతోంది, జపాను విమానం వెనకనుంచి, నీళ్ళని రాసుకుంటూ వచ్చింది. మేమంతా అటు తిరిగి ఉన్నాం. ముందు చూసింది లియోనే. చెయ్యెత్తి చూపించాడు. ఆ చెయ్యి చూసే నేను పడుకున్నాను. డ్యువీ అంతవరకు చెప్పగానే ఫిలొమీనా అతని ప్లేటులో ఇంకో సాసేజీ వేసింది. గాలి మార్చడానికేమో అతను తరవాతి కబుర్లు చెప్పాడు, ఓడకి మరమ్మతు చేశారనీ, జపాను వెళ్ళిందనీ, చైనా వెళ్ళిందనీ, ఓడిపోయిన జపాను సిపాయిల్ని, వాళ్ళ ముసలివాళ్ళనీ పెళ్ళాలనీ పిల్లల్నీ ఎక్కించుకుని వాళ్ళ దేశంలో దింపిందనీ, టాంకులు నిలబెట్టే ఆ చీకటి హాల్లో చాపలు పరుచుకుని వందలమంది పడుకునేవాళ్ళనీ, ఒకామె అక్కడే ప్రసవించిందనీ, బిడ్డ ఏడుపు ఇనుప గోడలకి తగిలి ఓడంతా తిరిగిందనీ. వెరీనా ఆ కబుర్లన్నీ దాచుకుంది. ఎలా దాచుకుందో ఎవరికీ చెప్పలేదు. వాటిల్లో లియో ఉన్నాడు. ఆ చాపల మధ్య కాళ్ళు తొక్కకుండా జాగ్రత్తగా నడిచేది అతనే, ఆ బిడ్డ ఏడుపు విని వెనక కమ్మీ దగ్గర నవ్వుకునేది అతనే. పసిఫిక్ దాటి వచ్చాడు, పనామా కాలువలో చొక్కా విప్పి ఆరేసుకున్నాడు, ఓడని ఎక్కడో నదీముఖంలో మిగతా ఓడల వరసలో కట్టేస్తే వానల్లో ఒంటరిగా దాని మీదే ఉన్నాడు, దాన్ని అమ్మినా దిగలేదు. ఫ్రిజ్ తలుపుకి రబ్బరు బిగిస్తున్నప్పుడు, అది ఫట్‌మని మూసుకున్నప్పుడు, ఇప్పుడెక్కడున్నాడో అనుకునేది. ఏడుపు రాకుండా బతకడానికి అదొక పద్ధతి. ఎముకలు ఆ దీవిలో ఉన్నంతకాలం అతను ఓడలో ఉంటాడు. పెట్టె ఇంటికి వస్తే, రాయి లేస్తే, రాయి మీద గీత పక్కన ఖాళీ తన కోసం ఎదురుచూస్తుంటే, అప్పుడిక ఎవరూ ఎటూ ప్రయాణం చెయ్యరు, అతనూ, తనూ.

"అదుగో!" అంది రోజలీ.

ముందు శబ్దం వచ్చింది, ఆ తరవాత మంచులో ఒక ముదురు మరక, అది వెడల్పై, పొడుగై, మెల్లగా ఇనుమైంది. పైన గదులు లేవు, స్తంభం లేదు, తుపాకులు లేవు, అంకె లేదు. మొండి శరీరం, దాని వీపు మీద వరసలు వరసలుగా కొత్త కార్లు, మెరూన్‌వి, ఆకుపచ్చవి, లేత పసుపువి, అన్నీ ఒకే వైపు తిరిగి, పూజలో కూర్చున్న జనంలా. మంచు చిరిగి ఎండ పడితే అద్దాలన్నీ ఒక్కసారి మెరిసి ఒక్కసారే ఆరిపోయాయి. ఫిలొమీనా లేచి నిలబడి శిలువ గుర్తు వేసుకుంది. ఆంటన్ టోపీ తీసి బట్టతలకి పొగమంచు తగలనిచ్చాడు. దాని పక్కటెముకలు ఒక్కొక్కటే దాటిపోతున్నాయి, తుప్పు కారిన చారలు, రంగు మీద రంగు, వెరీనా అతుకుల కోసం వెతకలేదు, ఆమె కళ్ళు దాని చివర కోసం ఎదురుచూస్తున్నాయి, ఇంకా రాలేదు, ఇంకా, ఇంత పొడుగుండేదా ఇది, వెనక భాగం వచ్చింది, లంగరు వేలాడిన చోటు ఖాళీ, కమ్మీ దగ్గర ఒక మనిషి.

మనిషి ఉన్నాడు. ఆమె బొంత మీద నుంచి లేచి నిలబడింది. లావుగా, నడివయసువాడు, ఒంటిమీద బనీను, ఒక బకెట్టు తిరగేసుకుని కూర్చుని యాపిల్ పండు కొరుకుతున్నాడు. గట్టు మీద నిలబడ్డ కుటుంబాన్ని చూసి, ఎందుకు నిలబడ్డారో తెలియక, మర్యాదకి చెయ్యి ఊపాడు. రోజలీ ఊపింది. యాపిల్ నమిలే ఆ మనిషి ముఖం ఎంత మామూలుగా ఉందంటే, అతనికి పుట్టిన ఊరుంటుంది, సాయంత్రం బూట్లు విప్పుకుంటాడు, ఆ ఓడ అతనిది, ఇవాళ్టిది, కార్లది. దాని మీద ఇంకెవరూ లేరు. ఎంత వెతికినా లేరు. వెనక తోసుకొస్తున్న బోటు పొగ వదిలింది, నీళ్ళు విడిపోయి మళ్ళీ కలిశాయి, ఒక చిన్న అల, నిజంగా చాలా చిన్నది, వచ్చి కింద ఆంటన్ వదిలేసిన ఖాళీ కుర్చీ కాళ్ళు తడిపి వెనక్కి పోయింది.

అంతమందిని మోసింది, వెరీనా అనుకుంటోంది, మనవాళ్ళని, దెబ్బలు తగిలినవాళ్ళని, మనల్ని చంపబోయినవాళ్ళని కూడా, అందర్నీ వాళ్ళ వాళ్ళ ఒడ్డున దింపి వచ్చింది, చాపలూ మూటలతో సహా, అప్పుడే పుట్టిన బిడ్డతో సహా. ఒక్కణ్ణి మాత్రం వదిలేసింది. నేనూ వదిలేశాను, ఓడలో ఉన్నాడని చెప్పుకుంటూ మూడేళ్ళు ఆ చలి దీవిలో వదిలేశాను, అది చలి దీవో వేడి దీవో కూడా నాకు తెలియదు. పక్కన అత్తగారు నిలబడి ఉంది, టోపీ సరిగ్గానే ఉంది, కానీ రెండు చేతులూ దాన్ని పట్టుకునే ఉన్నాయి. ఆ చేతులు ముసలివైపోయాయి. ఆవిడకి ఒక చోటు కావాలి, కూర్చోడానికి. రోజలీకి కూడా కావాలేమో, నాన్న ఇక్కడ, అని వేలితో చూపించుకోడానికి. తనకి? తనకి కావలసింది ఏమిటో వెరీనాకి ఇంకా తెలియదు, ముప్ఫై మూడేళ్ళకి తెలియనక్కర్లేదు కూడా, అది రాతి మీద ఎవరో ముందే గీసి ఉంచకపోతే చాలు.

ఆంటన్ టోపీ పెట్టుకున్నాడు. హెర్మన్ కింది కుర్చీ కోసం రెండు మెట్లు దిగి ఆగాడు, ఎందుకంటే వదిన మాట్లాడటం మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు. సలాడు వడ్డించడానికి ప్లేట్లు పరుస్తూ, ఒక్కొక్క ప్లేటూ బొంత మీద సర్దుతూ చెప్పింది.

"అత్తయ్యా, లియోని ఇంటికి తెచ్చుకుందాం. రేపే జవాబు పంపిస్తాను. మావయ్యా, మీరు కోపగించుకోకండి, ఆయన్ని లేపడం కాదది, తీసుకురావడం." ఇంకో ప్లేటు పెట్టింది. "రాయి మీద మాత్రం ఆయన పేరొక్కటే చెక్కించండి. నాది వద్దు."